తువ్వాలు కింద రివాల్వరు

మనుషుల్ని నమ్మకపోవడం నాకు జబ్బు కాదు, వృత్తి. తెనాలిలో రైసు మిల్లు నడిపేవాడు తడి ధాన్యం తెచ్చి పొడి ధాన్యమని ఒట్టేసేవాళ్ళ మధ్య బతుకుతాడు. మా ఆవిడ మాత్రం జబ్బే అంటుంది. పాలవాడు ఒకరోజు చిక్కటి పాలు పోస్తే, ఎందుకు పోశాడా అని సాయంత్రం దాకా ఆలోచించానట. అలాంటివాణ్ణి కనక, ఎమర్జెన్సీ ఎత్తేసిన కొత్తల్లో నేను హిందూపురం, పెనుకొండ, ధర్మవరం తిరిగొచ్చిన ఈ సంగతులు చదివేటప్పుడు, ఆ ఊళ్ళ గురించి నేను చెప్పే చెడ్డలో సగం కొట్టేసుకోండి. మంచి మాత్రం నమ్మవచ్చు. అది నా నోట అంత తేలిగ్గా రాదు.

వెళ్ళింది రివాల్వరు పోటీకి. అలాంటి పోటీ ఒకటుందని మా వైపు చాలామందికి తెలియదు. దూరంగా అట్ట మీద నల్లటి గుండ్రం ఉంటుంది. ఈల వెయ్యగానే ఆరు తూటాలు కాల్చాలి. ఖాళీ తొడుగులు రాల్చేసి, మళ్ళీ ఆరు నింపి, రెండో ఈల పడేలోపు అవీ కాల్చాలి. ఆ స్థాయికి వచ్చినవాళ్ళందరికీ గురి కాస్త అటూ ఇటూగా ఒకలాగే ఉంటుంది. గెలుపూ ఓటమీ ఆ నడుమ నింపుకోవడంలో ఉంటాయి. జేబులోంచి విడి తూటాలు చేత్తో తీసి నింపాలని మన పోటీల్లో నియమం. ఆరింటినీ ఒక్కసారే దింపేసే గుండ్రటి బిళ్ళ ఒకటి విదేశాల్లో దొరుకుతుంది, స్పీడ్ లోడరు అంటారు. అది వాడితే ఆట నుంచి గెంటేస్తారు.

రాష్ట్ర జట్టులో ఒక్క చోటు మిగిలింది. హైదరాబాదులో జరిగిన ఎంపికలో నేనూ, హిందూపురం హనుమంతప్ప అనే ఎద్దుల దళారీ సరిసమానంగా వచ్చాం. ధర్మవరంలో ఇంకోసారి కాల్చి తేల్చుకోమన్నారు. నాకేమో చూపు తగ్గుతోంది, బారెల్ కొసనుండే గురిమిట్ట మసగ్గా కనిపిస్తోంది. జాతీయ పోటీకి వెళ్ళడమంటూ ఉంటే ఈ ఏడే వెళ్ళాలి, వచ్చే ఏడు నా కళ్ళు నాతో రావు. పదిహేనేళ్ళుగా ఆ ఒక్క ఆశతోనే మిల్లు మూసిన ప్రతి సాయంత్రం ఖాళీ రివాల్వరుతో గోడకు గురి పెడుతున్నవాణ్ణి.

ఇక హనుమంతప్ప సంగతి. హైదరాబాదులో అతను నింపుకునే తీరు ఓరకంట చూశాను. తల వంచలేదు. చూపు గుండ్రం మీదే ఉంది, అంతలోకే రివాల్వరు నిండిపోయింది. చూడకుండా ఎవడు నింపుతాడు? అరచేతిలో ఆ బిళ్ళ దాచాడని నాకప్పుడే అనుమానం పుట్టింది. పోటీకి ముందే అతని ఊళ్ళో దిగి ఆరా తియ్యాలనుకున్నాను.

గుంతకల్లు దాటాక

గుంతకల్లులో చిన్న రైలుబండి ఎక్కాను. రివాల్వరు నడుముకు కట్టుకు తిరగడం నాకిష్టం ఉండదు, దొంగకు మనమే దారి చూపినట్టు ఉంటుంది. అందుకని పెద్ద టిఫిను క్యారియరు తీసుకుని, కింది గిన్నెలో నూనెగుడ్డ చుట్టి రివాల్వరు, దాని మీద గిన్నెలో తూటాలు, పైన పులిహోర పెట్టించుకున్నాను. లైసెన్సు బనీను జేబులో ఉంది.

పక్కన కదిరి పోయే ఒక అవ్వ కూర్చుంది. ఒడిలోంచి వేయించిన చెనిక్కాయలు తీసి, అడక్కుండానే నా దోసిట్లో పోసింది. మా వైపు రైల్లో పరాయివాళ్ళు పెట్టింది తినొద్దని పిల్లలకు ఉగ్గుపాలతో చెబుతారు. అవ్వ తిన్నాక, కాసేపు ఆగి, నేనూ తిన్నాను. బాగున్నాయి. నేను పులిహోర విప్పి ఆమెకు సగం పెట్టాను. అక్కడితో పోలేదు. కింది గిన్నెల్లో ఏముందని అడిగింది. పెరుగన్నం అన్నాను. ఎండకు పులిసిపోతుంది తినేయమని మొదలుపెట్టి ధర్మవరం దాకా వదల్లేదు. దిగేటప్పుడు మాత్రం మెల్లగా అంది:

"పెట్టేది ఇష్టం లేకుంటే లేదని చెప్పేది కదప్పా. పెరుగన్నం అంత బరువుంటాదా?"

ఆమె పోలీసులకు చెబుతుందేమోనని బండి కదిలేదాకా కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. అవ్వ తన మూట సర్దుకుని కదిరి బండి వైపు నడిచిపోయింది.

హిందూపురం: అందరూ మెచ్చుకునే మనిషి

హిందూపురంలో పొద్దున్నే ఉగ్గాని పెట్టారు. బొరుగులు, అంటే మన మరమరాలు, నానబెట్టి తాలింపు వేస్తారు, పక్కన మిరపకాయ బజ్జీలు. అర్ధరూపాయికి అంత పెట్టాడంటే నూనె మంచిది కాదనుకున్నాను గానీ, రెండో ప్లేటు కూడా తిన్నాను. ఇక్కడివాళ్ళు మనతో తెలుగు మాట్లాడి, వెంటనే పక్కవాడితో కన్నడంలోకి దూకుతారు. నాకు అందులో దుడ్డు అన్న మాట ఒక్కటే అర్థమయ్యేది. నా డబ్బు గురించే అనుకుని జేబు తడుముకునేవాణ్ణి. ఇంకో సంగతి, మనలాగా 'అండీ' లేదు. కలెక్టరుకైనా కూలివాడికైనా 'ఏమప్పా' అనే పలకరింపు. మొదట కోపం వచ్చింది, మధ్యాహ్నానికి అలవాటైపోయింది.

హనుమంతప్ప ఎలాంటివాడని మొదట టీ అంగడి ఫాతిమాబీని అడిగాను. నన్ను పైనుంచి కిందికి చూసి, స్టూలు తుడిచి కూర్చోబెట్టి, బంగారం లాంటి మనిషి అంది. కొడుకు గుడక అట్లాంటోడే అంది. మంగలి అదే చెప్పాడు: తాగడు, బీడీ ముట్టడు, కొడుకు అంతకన్నా బుద్ధిమంతుడు. లాడ్జి ఆయనా అదే పాట. నేను కొడుకు సంగతి ఎవర్నీ అడగలేదు. ఊరు ఊరంతా ఒకే మాట మీద ఉందంటే ముందే కూడబలుక్కున్నారన్న మాట. దేవుణ్ణి సైతం తిట్టేవాడు ఊరికొకడుంటాడు, ఈ దళారీని తిట్టేవాడు ఒక్కడూ లేడా?

సంతలో అతన్ని దూరం నుంచి చూశాను. నల్లగా, పొట్టిగా, యాభై దాటిన మనిషి. ఒక రైతుతో ఎదురెదురుగా నిలబడి ఉన్నాడు. ఇద్దరి కుడిచేతుల మీద తువ్వాలు కప్పి ఉంది. ఎద్దు ధర నోటితో చెప్పరు. తువ్వాలు కింద ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుని, ఎన్ని వేళ్ళు నొక్కితే అన్ని వందలు. చుట్టూ జనం ఉన్నా అంకె ఆ రెండు చేతులకే తెలుస్తుంది. మా దగ్గర ధాన్యం ధర వీధి చివరికి వినబడేలా అరుస్తాం. ఈ గుట్టు చూసి నా అనుమానం ఇంకా ముదిరింది. చేతులు దాచుకోవడమే బతుకుతెరువైనవాడికి ఒక బిళ్ళ దాచడం ఎంత?

సాయంత్రం లాడ్జి గది తలుపు కొట్టారు. తీస్తే హనుమంతప్పే. ఉతికిన చొక్కా, నుదుట కుంకుమ, చేతిలో పళ్ళెం, అందులో అరటిపళ్ళు, తమలపాకులు. నన్ను చూసి అతని ముఖంలో నవ్వు సగంలో ఆగిపోయింది.

"నువ్వా?" అన్నాడు. "ఆడపిల్లోళ్ళు ఎవురో వచ్చినారు, నా గురించి అడుగుతాండారంటే, పరుగెత్తుకోని వస్తిని."

అప్పుడు తెలిసింది. అతని కొడుక్కి సంబంధాలు చూస్తున్నారు. ఊరివాళ్ళు నన్ను పిల్ల తరపు మనిషి అనుకున్నారు. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు కాబట్టి తలా ఒక చెయ్యి వేశారు. అంటే నేను విన్న పొగడ్తల్లో ఒక్కటీ లెక్కలోకి రాదు. ఏం పని మీద వచ్చావని అడిగితే, లేపాక్షి బసవన్నను చూద్దామని వచ్చానన్నాను.

"బసవన్న లేపాక్షిలో ఉండాడు. ఎద్దుల సంతలో యాడ చూస్తావప్పా?" అన్నాడు. కోప్పడలేదు. పళ్ళెం వెనక్కి తీసుకుపోవడం బాగుండదని అక్కడే పెట్టి, రాత్రికి భోజనానికి పిలిచాడు.

శత్రువు ఇంట్లో తిండి. పోటీకి ముందు కడుపు చెడగొట్టాలంటే ఇంతకన్నా మంచి మార్గం ఏముంటుంది? వెళ్ళాను గానీ, అతని భార్య వడ్డించిన రాగిసంగటి ముద్ద అతను తినేదాకా ముట్టలేదు. చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి కారానికి నా కళ్ళమ్మట నీళ్ళు కారాయి. పిల్ల తరపువాణ్ణి కానని తెలిసి కూడా ఆమె అంత నెయ్యి ఎందుకు వేసిందో నాకు అర్థం కాలేదు. కడుపు మాత్రం చెడలేదు. మాటల్లో హనుమంతప్ప తనకు లైసెన్సు ఎలా వచ్చిందో చెప్పాడు. కన్నడ సంతల నుంచి డబ్బుతో ఒంటరిగా వచ్చేవాణ్ణని ఇచ్చారట. దారిలో ఒక్కసారి కూడా బయటికి తియ్యాల్సిన పని పడలేదు. ఊరికే ఉంచుకోవడం ఎందుకని కాల్చడం నేర్చుకున్నాడు. మర్నాడు పెనుకొండలో సాధన చేస్తానని, నన్నూ రమ్మన్నాడు.

పెనుకొండ: కొండ కింద గొయ్యి

పెనుకొండకు బస్సులో వెళ్ళాం. కొండ నిండా కోటగోడలు, కింద ఊరు నిండా పాత గుళ్ళు, మసీదులు. రాజులు వేసవికి ఇక్కడికి వచ్చేవారని చెప్పాడు. ఆ ఎండలో నిలబడితే అది మాత్రం నాకు నమ్మబుద్ధి కాలేదు. బాబయ్య దర్గా ముందు హనుమంతప్ప చెప్పులు విడిచి, చక్కెర చదివించి వచ్చాడు. తన ఎద్దు కుంటితే కూడా ఇక్కడే మొక్కుకుంటాడట. అన్ని మతాల దేవుళ్ళనూ కూడగట్టుకుంటున్నాడు, నాకేమో తెనాలి నుంచి ఒక్క దేవుడూ తోడు రాలేదనుకున్నాను.

ఊరి అవతల పాత రాళ్ళగని ఉంది. మూడు వైపులా బండ, మధ్యలో మట్టిగొయ్యి. కాల్చుకోవడానికి అనుమతి తెచ్చుకున్నాడు. కానీ అక్కడ కాల్చింది తక్కువ. ఏడాదికి లైసెన్సు మీద ఇచ్చే తూటాలు పోటీలకే చాలవు, నాకైనా అతనికైనా. మా సాధనంతా ఉత్త రివాల్వరుతోనే. ట్రిగ్గరు నొక్కేటప్పుడు కొస కదలకూడదని నేను బారెల్ మీద పావలా బిళ్ళ నిలబెట్టి నొక్కుతాను. పడకపోతే చెయ్యి కుదిరినట్టు. హనుమంతప్ప చింతగింజ పెడతాడు. నింపడం నేర్చుకోవడానికి కాల్చేసిన తొడుగుల్లో మైనం కూరి, తూటాల బరువు తెప్పించుకున్నాడు. ఆ ఉపాయం నాకు తట్టనందుకు కుళ్ళుకున్నాను.

నా రివాల్వరు చూస్తానన్నాడు. ఖాళీ అని రెండుసార్లు చూసుకుని ఇచ్చాను. నాది సిలిండరు పక్కకు తెరుచుకునే రకం, కడ్డీ నొక్కితే ఖాళీలు రాలతాయి. అతనిది పాత ఇంగ్లీషుది, మధ్యలో వంచితే ఆరూ తమంత తామే ఎగిరిపడతాయి. నా ట్రిగ్గరు ఒకసారి నొక్కి చూసి, స్ప్రింగు బాగా మెత్తగా చేయించినావే, ధర్మవరంలో బరువు కట్టి చూస్తారు, మరీ తేలిగ్గా కదిలితే పోటీకి రానియ్యరు, జాగ్రత్త అన్నాడు. మంచికే చెప్పాడేమో. నాకు బెదిరింపులా వినబడింది.

తర్వాత బండ మీద కూర్చుని, ఒడిలో రివాల్వరు పెట్టుకుని, దాని మీదా చేతుల మీదా తువ్వాలు కప్పుకున్నాడు. కళ్ళు ఎదురుగా కొండ మీద పెట్టాడు. గుడ్డ కింద ఏదో కదిలింది, చిన్నగా టకటకమంది, రివాల్వరు మూతపడిన చప్పుడు వినిపించింది. తువ్వాలు తీసేసరికి ఆరూ నిండి ఉన్నాయి. ఖాళీ చేసి మళ్ళీ కప్పాడు, మళ్ళీ నిండింది. నేను ఒక ఊపిరి తీసి వదిలేంత సేపు కూడా పట్టలేదు.

నాకు ఒళ్ళు మండింది. ఇంత పట్టపగలు, ఇంత దగ్గర్నుంచి, నా కళ్ళ ముందే! గుడ్డ లేకుండా ఒకసారి చేసి చూపించమన్నాను.

"తువ్వాలెత్తి చూసేది మర్యాద కాదప్పా" అన్నాడు. "బేరం తెగేదంకా ఎత్తకూడదని మా నాయన చెప్పిండె. మన బేరం ఇంగా తెగలే కదా."

"మరి గుడ్డ ఎందుకు కప్పుకుంటావు?"

"నాకు కనపడకుండా."

తన చేతులు తనకే కనపడకుండా కప్పుకుంటాడట! మిల్లులో ఇలాంటి మాటలు బస్తాలకొద్దీ విన్నాను. ధర్మవరం వెళ్ళగానే పోటీ నడిపే ఆయనకు చెప్పాలని అక్కడే నిశ్చయించుకున్నాను. తిరిగి వచ్చేటప్పుడు హనుమంతప్ప నాకు చెరుకురసం తాగించాడు. డబ్బు ఇవ్వనివ్వలేదు. లంచం అనుకున్నాను.

ధర్మవరం

ధర్మవరంలో ఏ వీధిలో నడిచినా మగ్గాల చప్పుడే. అరుగుల మీద పట్టుచీరలు పరిచి, కొనకపోయినా ఫరవాలేదు కూర్చోమంటారు. మా ఆవిడకు ఒకటి బేరం చేసి, జరీ అసలుదో కాదో గోరుతో గీకి చూసి, నేతగాడు నా చేతిలోంచి చీర మెల్లగా లాక్కోవడంతో బయటికి వచ్చేశాను.

బత్తలపల్లి దారిలో ఊరు దాటాక ఒక గుట్ట ఉంది. దాని కింద మట్టి కట్ట పోసి పోటీకి సిద్ధం చేశారు. నడిపే ఆయన మిలిటరీలో సుబేదారుగా చేసి వచ్చిన మనిషి, నిక్కచ్చి. ముందు నా ట్రిగ్గరుకు బరువు వేలాడదీశాడు. రివాల్వరు కొద్దిలో గట్టెక్కింది. అప్పుడు నా అనుమానం ఆయన చెవిన వేశాను. ఆయన హనుమంతప్పను పిలిచి, జేబులు దులిపించి, చొక్కా చేతులు మడిపించి, తువ్వాలు దూరంగా పెట్టించాడు. తూటాలు తప్ప ఏమీ దొరకలేదు. ఎవరు చెప్పారో అర్థమై, హనుమంతప్ప నావైపు చూశాడు. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది, లేదు. దొరకలేదంటే ఇంకెక్కడో దాచాడనే అనుకున్నాను.

పక్కపక్కనే నిలబడ్డాం. నేను అతని కుడివైపున. ఈల పడింది.

మొదటి ఆరూ త్వరత్వరగా కాల్చాను. నింపుకోవడానికి ఎక్కువ సేపు కావాలి కనక నా పద్ధతి అదే. అట్ట వైపు చూస్తే ఆరూ నలుపులోనే పడ్డాయి. ఇన్నేళ్ళలో అంత బాగా కాల్చలేదు. కడ్డీ నొక్కి తొడుగులు రాల్చాను. తల వంచి, రెండేసి తూటాల చొప్పున నాలుగు నింపాను. ఇంకో రెండు వేళ్ళ మధ్య పట్టుకున్నాను. హనుమంతప్ప అప్పటిదాకా తాపీగా మొదటి ఆరే కాలుస్తున్నాడు. సరిగ్గా అప్పుడు అతని రివాల్వరు వంగింది, ఖాళీలు నేలమీద గలగలా రాలాయి. ఇప్పుడు చూడకపోతే ఇంకెప్పుడూ పట్టుకోలేననిపించింది. తల తిప్పాను.

అతని కుడిచెయ్యి జేబులోకి పోయి రెండు తూటాలతో వచ్చింది. వాటి వీపు మీద బొటనవేలు ఆనింది. చూపుడువేలు సిలిండరు అంచు తడుముతూ, సంతలో రైతు వేలు వెతుక్కున్నట్టే, తూటా దూరే కన్నం వెతుక్కుంది. రెండూ ఒకేసారి లోపలికి జారాయి. ఎడమ బొటనవేలు సిలిండరును తిప్పింది. మళ్ళీ రెండు, మళ్ళీ రెండు. కళ్ళు ఒక్కసారి కూడా కిందికి రాలేదు. బిళ్ళ లేదు, మోసం లేదు. ఒట్టి చేతులు. ఒక పని అంత అందంగా జరగడం నేను ఎన్నడూ చూడలేదు. చూస్తూ ఉండిపోయాను. అతను ఊపిరి బిగబట్టి ఒక్కొక్కటే కాలుస్తుంటే, ఆ చేతులు మళ్ళీ ఏం చేస్తాయోనని అప్పుడూ చూస్తూనే ఉన్నాను.

రెండో ఈల పడింది. నా రివాల్వరు తెరిచే ఉంది, చివరి రెండు తూటాలూ వేళ్ళ మధ్యే ఉన్నాయి. నా అట్టకు ఆరే చిల్లులు. పదిహేనేళ్ళ ఆశ అలా తల తిప్పినంతలో పోయింది.

హనుమంతప్పకు సంగతి తెలియదు. నా అట్ట చూసి, గాబరాగా సుబేదారు దగ్గరికి నడిచాడు.

"ఆయప్ప గన్ను పట్టేసుకోనుండాది సార్. మళ్ళా కాల్చిచ్చండి. ఇట్ల గెలిచేది నాకొద్దు."

సుబేదారు నా రివాల్వరు వైపు చూసి, నిజమేనా అని అడిగాడు. అవునంటే చాలు, రెండో అవకాశం ఇచ్చేవాడు. రివాల్వరు బాగానే ఉందన్నాను. అయితే ఇంకో మాట ఉందన్నాడాయన. అనుమానం ముందే చెప్పింది నేనే, పక్కనే నిలబడిందీ నేనే. అతని చేతుల్లో ఏదైనా చూశానని చెబితే, విచారణ అయ్యేదాకా అతని ఫలితం ఆపాలి. పేర్లు ఈ సాయంత్రమే హైదరాబాదుకు పంపాలి, కాబట్టి నా పేరే వెళుతుంది. చూశారా, లేదా అని అడిగాడు.

హనుమంతప్ప నావైపు తిరిగాడు. "గన్ను బాగుంటే ఎందుకు కాల్చలేదప్పా?"

"నీ చేతులు చూస్తూ ఉండిపోయాను" అన్నాను. ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

అతను అర్థం కానట్టు తన చేతులు రెండూ తిప్పి చూసుకున్నాడు. తర్వాత వాటిని నా ముందు చాపాడు. "ఏమన్నా ఉండాదా వీటిలో?"

"ఏమీ లేదు" అన్నాను. సుబేదారుకు సరిగా వినబడలేదేమో, మళ్ళీ చెప్పమన్నాడు. ఆ మాట చూసి చెప్పగలిగినవాణ్ణి ఆ మైదానంలో నేనొక్కణ్ణే. ఈసారి గట్టిగా చెప్పాను, ఆయన హనుమంతప్ప పేరు రాసుకున్నాడు.